మా అమ్మకు నచ్చిన పిల్ల

పోయిన నెల మాడుగులపల్లిలో మా ఇంటికి రంగులు వేయించారు. నేను కోదాడ నుంచి బయలుదేరి మధ్యాహ్నానికి చేరేసరికి సామానంతా వాకిట్లో ఉంది. గోడలకు ఉండే నా ఫోటోలు, పదో తరగతిలో మండలం ఫస్టు వచ్చినందుకు ఇచ్చిన షీల్డు, ఫ్రేము కట్టించిన డిగ్రీ పట్టా అన్నిటినీ ఒక యూరియా సంచిలో వేసి మూతి కట్టేశారు. వాటి సంగతి ఎవరూ పట్టించుకోలేదు. కానీ రంగులాయన బ్రష్షు పట్టుకుని వసారా గోడ దగ్గరికి పోగానే మా అమ్మ గబగబా వచ్చి అడ్డం నిలబడింది.

"గది ముట్టకు. గట్లనే ఉండనియ్."

"పాత బొమ్మ గదమ్మా, రంగు గూడ పోయింది. మంచిగ సాఫ్ చేసి కొడ్త."

"పోతె పోనీ. గా పిల్ల ఏసింది. సుట్టు కొట్టుకో, దాన్ని ఇడ్సిపెట్టు."

ఆ గోడ మీద ఒక బర్రె పడుకుని నెమరు వేస్తుంటుంది. దాని వీపు మీద ఒక తెల్లకొంగ. ఆ బొమ్మ వేసి ఏడేళ్లయింది. రంగులాయన నా వైపు చూసి నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. నాకు ఉద్యోగముంది, పెళ్లయింది, చిలుకూరు దగ్గర బడిలో అరవై మంది పిల్లలు నన్ను టీచరమ్మా అని పిలుస్తారు. అయినా ఆ క్షణాన, ఇరవై ఏళ్లప్పుడు మండినట్టే కడుపులో మండింది.

అమ్మ నా పక్కకొచ్చి మెల్లగా అడిగింది. "గా పిల్ల ఏడున్నదో ఎరుకనా? ఒక్కపారి తోలుకరారాదె."

"ఏమోనమ్మా, ఏడుందో" అన్నాను. అది అబద్ధం. ఆమె కోదాడలోనే ఉందని నాకు ఏడాదిగా తెలుసు.

ఆ పిల్లది మేళ్లచెరువు. పేరు రాయను. రాస్తే ఇక్కడ కూడా పేరు ఆమెదే అయిపోతుంది. సూర్యాపేటలో డిగ్రీ చదివేటప్పుడు మేమిద్దరం ఒక ఇంటి వెనక గదిలో కిరాయికి ఉండేవాళ్లం. వాళ్ల నాన్న సిమెంటు లారీ నడిపేవాడు. "మా నాన్న లారీ నీలం రంగని నాకు ఏడేళ్లొచ్చాకగానీ తెలీదు" అనేది ఆమె. "ఒకసారి పండక్కి కడిగితే బయటపడింది. అప్పటి సంది నాకు రంగులంటే పిచ్చి."

కొప్పులో ఎప్పుడూ ఒక పెన్సిలు గుచ్చి ఉండేది. ఏ వస్తువు కనపడినా తల ఒక పక్కకు వాల్చి, ఒక కన్ను మూసి చూసేది. మేకను కొనడానికొచ్చిన వాళ్లు చూసినట్టు ఉండేది ఆ చూపు. కోడిగుడ్ల అట్టలు, పగిలిన గాజులు, నూనె సీసాలు, చిరిగిన చీరలు, ఏవి బయటికి పోతున్నా గుమ్మం దగ్గర ఆపేది. "పడేసేముందు నాకొకసారి చూపియ్" అనేది. చూపిస్తే ఇంక అది తిరిగొచ్చేది కాదు. నాలుగు రోజుల తర్వాత దీపంగానో, పూలకుండీగానో కనపడేది.

మా ఓనరమ్మ కఠినమైన మనిషి. గోడకు మేకు కొడితే ఆ రోజే ఖాళీ చేయాలని ముందే చెప్పింది. నేను ఆ మాట విని నా టైంటేబుల్ కాగితాన్ని అన్నం మెతుకులతో అంటించుకుని ఊరుకున్నాను. ఆ పిల్ల మాత్రం ఒక్క మేకు కొట్టకుండా గదినంతా మార్చేసింది. కిటికీ ఊచల నుంచి తలుపు గొళ్లెం దాకా తాడు లాగి, దానికి సిమెంటు సంచుల నుంచి తీసిన పోగులతో అల్లిన జాలర్లు కట్టింది. పాత చీరలతో పరదాలు కుట్టింది. నా మంచం వైపు ఆకుపచ్చ, తన వైపు పసుపు. సాయంత్రం ఎండ పడితే గది రెండు రంగుల్లో వెలిగేది. ఒకరోజు ఓనరమ్మ వచ్చి అంతా చూసి వెళ్లిపోయింది. మర్నాడు నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకొచ్చింది.

"సూడుర్రి, నా ఇల్లేనా ఇది!" అని మురిసిపోయింది.

అప్పుడు నేను మంచం మీద కూర్చుని వానపాము జీర్ణవ్యవస్థ చదువుకుంటున్నాను. సెమిస్టర్‌లో నాకు కాలేజీ ఫస్టు వచ్చి వారం కూడా కాలేదు. ఓనరమ్మ ఆ నలుగురికీ పరదాలు చూపించింది, జాలర్లు చూపించింది, నన్ను జరగమని నా వెనకున్న సీసా దీపాన్ని కూడా చూపించింది. నా గురించి ఏమీ చెప్పలేదు.

చదువులో ఆ పిల్ల అంతంత మాత్రం. ఏ పరీక్షయినా గట్టున పడ్డ చేపలా కొట్టుకుంటేగానీ పాసయ్యేది కాదు. అది నాకు పెద్ద ఊరట. కానీ జువాలజీ రికార్డు వచ్చేసరికి క్లాసంతా మా గదికే వచ్చేది. నేను వేసిన కప్ప గుండె చూసి మా మేడం, "ఇది గుండెనా, వంకాయనా?" అంది. ఆ సాయంత్రం ఆ పిల్ల నా రికార్డు తీసుకుని అన్నీ తిరిగి వేసింది. నేను అడగలేదు. వేయొద్దని కూడా అనలేదు. తర్వాత మేడం ఆ రికార్డును క్లాసులో పైకెత్తి చూపించి నన్ను మెచ్చుకుంది. చప్పట్లు కొట్టినవాళ్లలో ఆ పిల్లే గట్టిగా కొట్టింది. ఆమె అట్లా ఉండకపోతే నాకు సుఖంగా ఉండేది. ఒక్కసారైనా గొప్పలు చెప్పుకుంటే, ఒక్కసారైనా నన్ను చిన్నచూపు చూస్తే, నా కుళ్లుకు ఒక కారణం దొరికేది.

రెండో ఏడాదికి ఆమెకు కేకుల పిచ్చి పట్టింది. ఫోన్లో వీడియోలు చూసి, ఓవెన్ లేకుండా మందపాటి గిన్నెలో ఇసుక పోసి, దాని మీద టిన్ను పెట్టి కాల్చేది. ఎసెన్సు, టూటీ ఫ్రూటీ కోసం నేను ఇంటికి పోయినప్పుడల్లా మిర్యాలగూడలో దిగి తెచ్చిపెట్టాలి. పిండి కలిపాక చూపుడువేలితో కొంచెం నాకి, కళ్లు పైకప్పుకేసి పెట్టి, దూరం నుంచి ఎవరో చెప్పేది వింటున్నట్టు నిలబడేది. తర్వాత "ఊఁ, చక్కెర ఆలోచిస్తోంది" అనేది. నాకు నవ్వొచ్చేది. నవ్వకుండా ఆపుకునేదాన్ని.

ఇవన్నీ నేను ఓర్చుకోగలిగాను. ఓర్చుకోలేనిది మా అమ్మ సంగతి.

మా అమ్మ మెచ్చుకునే మనిషి కాదు. మండలం ఫస్టు వచ్చానని చెబితే "మంచిదే, అన్నం తిను" అన్నది. అట్లాంటి అమ్మ ఒకసారి బియ్యం, మామిడికాయ తొక్కు మోసుకుని సూర్యాపేట వచ్చింది. ఎప్పుడొచ్చినా పది నిమిషాలు నిలబడి పోయే మనిషి, ఆ రోజు గదంతా తిరిగి చూసి కూర్చుంది. ఆ పిల్ల అమ్మ కాళ్ల దగ్గర చతికిలబడి అడిగింది.

"పెద్దమ్మా, మీకు చుక్కల ముగ్గులు వచ్చా? నాకు ఒక్కటి నేర్పవా? మా అమ్మకు అసలు రావు."

"ముగ్గులకేమున్నది బిడ్డా, శానా ఒస్తయ్."

"శానా అంటే ఎన్ని?"

అమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో నవ్వేసింది. ఆ మధ్యాహ్నమంతా నోట్‌బుక్ మీద అమ్మ చుక్కలు పెట్టింది, ఆ పిల్ల కలిపింది. ఒక ముగ్గు మా అమ్మమ్మ నుంచి వచ్చిందట. ఒకటి మా నాన్న దవాఖానలో ఉన్నప్పుడు అమ్మకు నిద్రపట్టక మనసులోనే కట్టుకున్నదట. దాన్ని వాకిట్లో ఎప్పుడూ వేయలేదట. నేను పుస్తకం తెరిచి పెట్టుకుని అదంతా విన్నాను. పుట్టిన దగ్గర్నుంచీ ఆ ముగ్గులు తొక్కుకుంటూ తిరిగినదాన్ని. వాటిలో ఒక్కదాని కథ కూడా నాకు తెలియదు.

ఆ తర్వాత అమ్మ ఫోన్ చేస్తే ముందు "గా పిల్ల మంచిగున్నదా?" అని అడిగేది. "మరి నేను?" అని ఒకసారి అడిగాను. "నీకేమైంది, నువ్వు మంచిగనే ఉంటవ్" అంది.

ఆ ఏడే మా అన్నకు బిడ్డ పుట్టింది. ఇరవై ఒకటో రోజు తొట్టెల ఫంక్షన్ పెట్టుకున్నారు. మూడు రోజులు ముందే ఆ పిల్లను తీసుకురమ్మని అమ్మ నాకు చెప్పలేదు, నేరుగా ఆమెకే ఫోన్ చేసింది. ఇద్దరం కలిసి మాడుగులపల్లి పోయాం. మొదటి రోజు ఆ పిల్ల వసారా గోడ చూసి తల వాల్చి, కన్ను మూసి, "పెద్దమ్మా, ఇక్కడ ఒక బర్రెను పడుకోబెడదామా?" అంది. అమ్మ పడి పడి నవ్వింది. రెండు రోజులు ఇద్దరూ ఆ గోడ దగ్గరే. బర్రెను ఆ పిల్ల వేసింది. కొంగను అమ్మ చేత వేయించింది. అమ్మ గీత వంకర పోతే, "ఎట్టా వస్తే అట్టా రానీ పెద్దమ్మా, కొంగలేమన్నా తిన్నగా ఉంటాయా" అంది. మా అమ్మ కుంచె పట్టుకుని, నాలుక కొస పళ్ల మధ్య బిగించి, కొంగ మెడ దిద్దుతుంటే నేను వంటింటి గడప మీద నిలబడి చూశాను. అప్పుడు ఆమె ముఖం నాకు తెలియని ముఖం. అంతా అయ్యాక అమ్మ ఆ పిల్లను ముందు కూర్చోబెట్టుకుని, జుట్టుకంటిన రంగు గోకి తీసి, నూనె రాసి జడ వేసింది.

ఫంక్షన్ రోజు ఆ పిల్ల పెద్ద కేకు పెట్టింది. వంటింట్లో పొయ్యి మీద మా ఇంట్లో ఉన్న వాటిల్లో అన్నిటికన్నా పెద్ద గిన్నె, అందులో ఇసుక, దానిలో టిన్ను. తొట్టెకు పూలు కట్టడానికి పోతూ నాకు అప్పజెప్పింది.

"సిమ్ములోనే ఉండాలి, ముప్పావుగంట. మూత తియ్యకు. నీ మీద వదిలిపోతున్నా, సరేనా?"

సరేనన్నాను. బయట నుంచి అమ్మ గొంతు వినపడుతోంది, వచ్చినవాళ్లందరికీ చెబుతోంది. "గా పిల్లే చేసింది. గా పూలు, గా గోడ, కేకు సుత గా పిల్లే." నేను పొయ్యి చెవి పట్టుకుని పూర్తిగా తిప్పాను. పొరపాటున తిప్పలేదు. తిప్పి, చేతులు కట్టుకుని నిలబడి చూశాను. మంట గిన్నె చుట్టూ పైకి పాకింది. కాసేపటికి వాసన మొదలైంది. అప్పుడైనా తగ్గించవచ్చు. తగ్గించలేదు. వాసన బయటికి పోయేంత వరకు ఆగి, తర్వాత సిమ్ములో పెట్టాను.

ఆ పిల్ల పరుగెత్తుకొచ్చింది. మూత తీస్తే పొగ. అడుగు బొగ్గయింది, నడుమ ముద్దగా ఉంది. వెనకాలే అమ్మ వచ్చింది.

"మంట ఎవలు పెంచిర్రు?" అమ్మ గట్టిగా అడిగింది. నా వైపు చూసే అడిగింది.

ఆ పిల్ల వెంటనే అంది. "నేనే పెద్దమ్మా. సిమ్ములో పెట్టడం మరిచిపోయి అట్టానే పోయా."

అమ్మ బయటికి వెళ్లిపోయింది. ఆ పిల్ల తల వాల్చి ఆ మాడిన దాన్ని చూసింది. మాడు కోసి పారేసింది. మిగిలిన దాన్ని చిదిమి, పాలు మరిగించి, చక్కెర, ఇలాచీ వేసి అందులో ఉడికించింది. మాడు వాసన ఎట్లా పోతుందని నేను లోపల సంతోషపడుతుండగా, ఎండుకొబ్బరి చిప్పను మంట మీద కాల్చి, తురిమి పైన చల్లింది. అంతే, ఆ పొగ వాసన కావాలని పెట్టినట్టే అయింది. స్టీలు గ్లాసుల్లో పోసి అందరికీ ఇచ్చింది. మా మేనమామ రెండు గ్లాసులు తాగి, "కేకులు శానా తిన్నం గని గిసొంటిది తినలె. దీని పేరేంది బిడ్డా?" అన్నాడు. ఆ రోజు ఆమెకు కేకు వల్ల వచ్చేదానికన్నా ఎక్కువ పేరు వచ్చింది. దానికి కారణం నేనే.

సూర్యాపేట తిరిగొచ్చాక ఆ పిల్ల ఆ మాట ఎత్తలేదు. తెలిసి ఊరుకుందా, తెలియక ఊరుకుందా? రోజూ ఆమె ముఖం చూసి వెతికేదాన్ని. మూడో ఏడాదికి నేను వేరే గదికి మారిపోయాను. కాలేజీకి దగ్గరని చెప్పాను. ఆమె నా ట్రంకు పెట్టె ఒక చివర పట్టుకుని ఆటో దాకా మోసింది. "అప్పుడప్పుడు రా" అంది. పోలేదు. ఏడాది కింద కోదాడ కూరగాయల మార్కెట్లో ఆమెను చూశాను. బీరకాయను పట్టుకుని, ఒక కన్ను మూసి చూస్తోంది. నేను ఉల్లిగడ్డల బస్తాల వెనక నుంచి తిరిగి ఇంటికొచ్చాను.

అమ్మకు అబద్ధం చెప్పాక మూడు వారాలు ఆగాను. మొన్న రెండో శనివారం బడికి సెలవు. వాకబు చేసి ఆమె ఇంటికి పోయాను. రెండు గదుల పోర్షన్. భర్త మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టుల పని. తలుపు తీసి నన్ను చూసి, "ఓయమ్మో!" అని చేతులకున్న పిండితోనే కౌగిలించుకుంది. నా జాకెట్టుకు రెండు తెల్లటి అరచేతులు పడ్డాయి.

ఆమె ఒక బేకరీ పెట్టి ఉంటుందని, లేదా అన్నీ మానేసి ఉంటుందని ఊహించాను. రెండూ కాదు. కేకులు వదిలేసిందట. ఇప్పుడు ఈస్టు లేకుండా పులియబెట్టిన పిండితో రొట్టె నేర్చుకుంటోంది. ఒక సీసాలో ఆ పిండి బుడగలు పొంగుతోంది. "దీనికి పొద్దున, సాయంత్రం పిండి, నీళ్లు పెట్టాలి. మా ఆయన దీనికే ముందు తిండి పెడతానని అలుగుతాడు" అని నవ్వింది. ఇప్పటికి తొమ్మిది రొట్టెలు చేసిందట. తొమ్మిదీ రాళ్లేనట.

"అమ్ముకోవచ్చు కదా ఏవైనా? ఇన్ని వచ్చు నీకు."

"అమ్మితే వాళ్లకు నచ్చినట్టు చెయ్యాలి. నాకు రొట్టె ఎందుకు లేవట్లేదో తెలుసుకోవాలనుంది" అంది.

కిటికీలో రాళ్లలాగే ఉన్న రెండు మూడు రొట్టెల్ని చూశాను. తొమ్మిదిసార్లు ఓడిపోయి అంత హాయిగా ఎట్లా ఉండొచ్చో నాకు అర్థం కాలేదు. నేను ఒక్క మార్కు తగ్గితే వారం రోజులు అన్నం సరిగా తినేదాన్ని కాదు. టీ తెచ్చిచ్చింది. తాగుతూ, ఇక ఆపుకోలేక చెప్పేశాను.

"మా ఊర్ల తొట్టెల నాడు, కేకు మాడింది కదా. మంట నేనే పెంచిన. కావాలనే పెంచిన."

ఆమె నన్ను చూసింది. "ఏ కేకు?"

"మా అన్న బిడ్డ ఫంక్షన్. పెద్ద గిన్నెల పెట్టినవ్. అమ్మ అడిగితే నీ మీద ఏసుకున్నవ్."

"అట్టానా? నాకసలు గుర్తు లేదే." నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. "నేను చాలా మాడగొట్టాను కదా, అన్నీ కలిసిపోయినయ్. నేనే మరిచిపోయానేమో అనుకునుంటా." అంతలోనే, "ఎందుకు పెంచావ్?" అని అడిగింది. కోపంగా కాదు, రొట్టె ఎందుకు లేవట్లేదని అడిగినట్టే.

"నీ మీద కుళ్లు" అన్నాను.

"నా మీదా? నాకు ఇంగ్లీషు పేపరు రెండుసార్లు పోయింది!" అని పెద్దగా నవ్వింది. తర్వాత వంగి, "అది సరే గానీ, మాడిన దాన్ని ఏం చేశాం?" అంది.

చెప్పాను. పాలు, ఇలాచీ, కాల్చిన కొబ్బరి. ఆమె కొప్పులో నుంచి పెన్సిలు లాగి క్యాలెండరు వెనక రాసుకోసాగింది. "కొబ్బరిని పాలల్లో వేసి ఉడికించానా, పైన చల్లానా?" నేను ఏడేళ్లు మోసిన పాపం ఆమెకు ఒక వంటకమైంది. నేను నిద్రలో కూడా మరువలేనిదాన్ని ఆమె అంత తేలిగ్గా మరిచిపోగలిగింది. దాని మీద కూడా నాకు కుళ్లు పుట్టింది.

అది చెప్పడం సులువే అయింది. రెండో మాట దానికన్నా కష్టంగా నోట్లో నుంచి వచ్చింది. "అమ్మ నిన్ను చూడాలంటున్నది."

"పెద్దమ్మా? ఎప్పుడు? ఇప్పుడు పోదామా?" అప్పటికే లేచి నిలబడింది. భర్తకు ఒక చీటీ రాసి, బట్టలు సర్దుకోవడానికి లోపలి గదిలోకి పోయింది.

నేను గుమ్మం బయటికొచ్చి అమ్మకు ఫోన్ చేశాను. "అమ్మా, గా పిల్ల దొరికింది. తోలుకొస్తున్న."

"నిజంగనా? అయితె తపాలచెక్క చేస్త, గా పిల్లకు పానం" అంది అమ్మ. గిన్నెకు బియ్యప్పిండి ఒత్తి కాల్చే ఆ తపాలచెక్క నాకూ ప్రాణమే. ఆ మాట అమ్మ అనలేదు.

"అమ్మా, గప్పుడు కేకు మాడింది చూడు. మంట నేనే పెంచిన."

అటువైపు గిన్నెల చప్పుడు ఆగింది. "ఎరుకనే" అంది అమ్మ.

"ఎట్ల?"

"దర్వాజ కాడ్నే ఉన్న గద, సూసిన. అందుకె గట్టిగ అడిగిన, నువ్వే చెప్తవేమో అని. నడుమ గా పిల్ల అడ్డమొచ్చె."

"మరి ఇన్నేండ్లు ఎందుకు అనలె?"

"ఏమని అంట? నువ్వు తొమ్మిదేండ్లకే హాస్టల్ల పడితివి. ఇంటికొస్తె పుస్తకం పట్టుకోని కూసుంటివి. నీతోని ఏం మాట్లాడాల్నో నాకు తెల్వకపోయె. గా పిల్ల అడిగింది, చెప్పిన. నీకు మండుతదని నాకు గా దినమే తెల్సింది." అటు మళ్లీ గిన్నెల చప్పుడు మొదలైంది. "మాపటికి నువ్వు సుత ఉండు. ఎప్పుడొచ్చినా చెప్పులు ఇడ్వకముందే పోతనంటవ్."

"ఉంట" అన్నాను.

ఆ పిల్ల చేతిసంచి భుజానికి తగిలించుకుని, ఆ పిండి సీసాను తువ్వాలలో చుట్టుకుని బయటికొచ్చింది. సాయంత్రం దానికి తిండి పెట్టాలి కాబట్టి వదిలి రాలేదట. మిర్యాలగూడ బస్సు కిక్కిరిసి ఉంది. ఒకటే సీటు దొరికింది. "నువ్వు కూర్చో" అంది ఆమె. నాలో మంట చల్లారిందని చెప్పను. కానీ ఆమెనే కూర్చోబెట్టి, సీసా నా చేతిలోకి తీసుకుని, కుదుపులకు ఒలకకుండా రెండు చేతులతో పట్టుకుని హుజూర్‌నగర్ దాకా నిలబడ్డాను.